ఎర్ర నీళ్ళలో శీలావతి
మొన్న ఆదివారం తెల్లారకముందే బావా నేనూ గాలాలేసుకుని గోదావరి కాలవ మీదున్న లొల్ల లాకుల దిగువకి పోయాం, పైన వానలు పడి కాలవలో నీళ్ళు ఎర్రగా టీ లాగా వస్తున్నాయి, ఇంత మడ్డి నీళ్ళల్లో చేపకి ఎర ఎక్కడ కనపడుద్ది బావా ఇంటికి పోదాం అన్నాను. కనపడక్కర్లేదురా వాసన చాలు అన్నాడు. తవుడూ వేరుశనగ చెక్కా తడిపి ముద్దచేసి మధ్యలోకి కాకుండా గట్టు వారనే, నీటి లాగుడు తక్కువున్న చోట వేశాం. గంటన్నర గాలం తాడుకి కట్టి నీటి మీద తేలే బెండు కదల్లేదు, తర్వాత ఒక్కసారిగా మునిగింది, కిలోన్నర శీలావతి చేప! చేతులు వణికిపోయాయి నిజంగా.

నాకు అర్థమైంది ఏంటంటే చేపల్లో బొచ్చె నీళ్ళ పైన తిరుగుద్ది, శీలావతి మధ్యలో, బంగారు తీగ అడుగున బురద తవ్వుకుంటది, అందుకే బెండు జరిపి ఎర దిగే లోతు మార్చకుండా ఎర మాత్రమే మారిస్తే లాభం లేదు. చలికాలంలో అయితే పొద్దున్నే పోవడం దండగ, ఎండెక్కాకే కదుల్తాయి. చెరువుల్లో మబ్బు పట్టిన తెల్లవారుజామున గాలి అందక చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి, అప్పుడు ఎర ముట్టవు, అలాంటప్పుడు గాలం వెయ్యడం నాకు మనసొప్పదు కూడా.

వచ్చే వారం ధవళేశ్వరం వైపు పోదామంటున్నాడు బావ, వరద తగ్గితే.