పెరట్లో మందు మొక్కలు ఎవరింటి నుంచి వస్తాయి?

ఏ వీధిలోనైనా పది పెరళ్లు వరసగా చూడండి. తులసి, కలబంద, వామాకు, కరివేపాకు... ఇంచుమించు అన్నిచోట్లా అవే ఉంటాయి. ఇరుగుపొరుగు తుంచి ఇచ్చుకునేవి కాబట్టి అలా ఉంటాయి. మధ్యలో ఒక ఇంట్లో వసో, అడ్డసరమో, పొడపత్రో కనిపిస్తే ఆరా తీయండి. చాలాసార్లు ఆ ఇంటి కోడలి పుట్టిల్లో, వియ్యాలవారి ఊరో బయటపడుతుంది. కొత్త మొక్క దూరపు చుట్టరికంతో వస్తుంది. వచ్చింది నిలబడాలంటే మాత్రం పక్కింటివాళ్లే దిక్కు. వేసవిలో కుండీ ఆరి మన వస చచ్చిపోతే, దుంప మళ్లీ దొరికేది మనం పంచిన ఇంట్లోనే. అందుకే అరుదైన మొక్కను మొదటి ఏడాదే కనీసం మూడిళ్లకు ఇచ్చేయాలి.

కాడతోనో పిలకతోనో బతికేవి సులువుగా చేతులు మారతాయి. వామాకుకు 10 సెం.మీ. కొస చాలు, నీళ్లు ఎక్కువైతే కుళ్లుతుంది. నల్లేరు కణుపునీ, కలబంద పిలకనీ రెండు మూడు రోజులు నీడన ఆరబెట్టి, కోసిన చోటు ఎండాకే నాటాలి. పచ్చిగా గుచ్చితే కుళ్లేది అక్కడి నుంచే. వసకు మొలక ఉన్న దుంప ముక్క, ఎప్పుడూ తడి ఆరని బురద కావాలి.

తిప్పతీగ దగ్గర తప్పులు ఎక్కువ. పెన్సిల్ లావు కాడను 15-20 సెం.మీ. కోసి ఇస్తారు, ఆకులు ఉండవు కాబట్టి తీసుకున్నవాళ్లు తలకిందులుగా నాటేస్తారు. ఇచ్చేవాళ్లే కింది కొసను ఏటవాలుగా, పై కొసను తిన్నగా కోస్తే ఈ చిక్కు రాదు. ఇంకొకటి, తిప్పతీగలో ఆడ, మగ వేరువేరు తీగలు. ఒకే ఇంటి కాడ వీధంతా పాకితే అన్నీ ఒకే తీగ కిందే లెక్క, కాయ కాయదు. రెండో కాడ వేరే ఊరి నుంచి తెచ్చుకోండి. తెచ్చేటప్పుడు కాడను తడిమి చూడండి. పులిపిర్లలాంటి బుడిపెలు దట్టంగా ఉంటే అది దాన్ని పోలిన టినోస్పోరా క్రిస్పా కావచ్చు. అది హాని చేయవచ్చని 2022లో ఆయుష్ శాఖ కూడా హెచ్చరించింది. అనుమానం ఉన్న తీగను ఎవరికీ పంచకండి.

విత్తనంతో వచ్చేవి ముందుగా మాయమవుతాయి. నేలవేము కాయ ఎండితే పగిలి గింజలు చిమ్ముతుంది. పసుపు తిరిగినప్పుడే, పొద్దున్నే కోయాలి. అంటే ఇచ్చే మనిషితో ఒక సీజనంతా మాటలు నడవాలి, ఒక్కసారి వెళ్లి అడిగితే దొరకదు. నేల ఉసిరి వానకు తానే మొలుస్తుంది, కలుపుతో పాటే పోతుంది. పెరడు బాగుచేయించే రోజున దాన్ని గుర్తుపట్టగల మనిషి పక్కన ఉండాల్సిందే.

పసరు మందు ఆకు పేరు చెబితే గుణం పోతుందనే నమ్మకం కొన్ని ఇళ్లలో ఉంది. మొక్కల విషయంలో ఇంత నష్టం చేసిన నమ్మకం ఇంకోటి లేదనిపిస్తుంది. పేరు తెలియని మొక్క పక్కింటివాళ్లకు కలుపే. మొక్క ఇచ్చేటప్పుడు పేరు, వాడే భాగం, ఎవరు వాడకూడదో మూడూ చీటీ మీద రాసి కుండీకి కట్టండి. 'బ్రాహ్మి' అని ఒక్క మాట రాస్తే చాలదు. ఒకరింట్లో అది సరస్వతి ఆకు, ఇంకొకరింట్లో నీటి బ్రాహ్మి.

ఊళ్లో ఎవరింట ఏముందో తెలిసేది వినాయక చవితికి. 21 రకాల పత్రి కోసం పిల్లలు ఇల్లిల్లూ తిరిగేవారు, ఇప్పుడు చాలామంది బజార్లో కట్ట కొనేస్తున్నారు. అయినా అడగడానికి అదే అదను, వానలకు కాడలు బాగా వేళ్లు పోస్తాయి. వావిలి, మరువం, మాచిపత్రి ఆకు కాకుండా కొమ్మే అడగండి. చిగురు పూజకు, కింది 15 సెం.మీ. కుండీకి. ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు కూడా ఆ పత్రిలోవే, కానీ విషం. పసిపిల్లలున్న ఇంటికి వాటి మొక్కలు ఇవ్వకండి.