మామిడితోట గేటుకు కెమెరా: మూడు నెలల నా అనుభవం

వికారాబాద్ దగ్గర, అనంతగిరి కొండల దిగువన మాకు చిన్న మామిడితోట ఉంది. అందులో రెండు గదులు, ముందు వరండా ఉన్న ఇల్లు. హైదరాబాద్ నుంచి చేవెళ్ల మర్రిచెట్ల దారిలో రెండు గంటల ప్రయాణం. మావారు ఉన్నప్పుడు ప్రతి శనివారం వెళ్లేవాళ్లం. ఇప్పుడు నేను నెలకోసారి వెళ్లడమే గగనం. మిగతా రోజుల్లో ఆ ఇంటిని, ఆయన నాటిన బేనిషాన్, హిమాయత్ చెట్లను నగరంలోనే ఉండి ఫోనులో చూసుకోవాలని నా కోరిక. ఆ పని మొన్న ఆదివారం తెమిలింది.

నిజానికి మొదటి కెమెరాలు నిరుడు దసరాకే పెట్టించాను. పెట్టె మీద ‘4 మెగాపిక్సెల్’ (బొమ్మలో దాదాపు నలభై లక్షల పిక్సెళ్లు, అంటే చుక్కలు) అని ఉంటే చాలనుకున్నాను. దుకాణం వాళ్లు వచ్చి నాలుగు కెమెరాలు చూరు కింద బిగించి, ఒక్క పూటలో వెళ్లిపోయారు. ఫోనులో తోట పచ్చగా కనిపించింది.

మార్చి మొదటి వారంలో ఒక రాత్రి బోరు స్టార్టరు, దానితోపాటు రాగి కేబులు పోయాయి. కాయ ఊరే సమయంలో చెట్లకు నీళ్లు లేకుండా పోయాయి. అయినా నాకు ధైర్యమే. గేటు తీసుకుని లోపలికి వచ్చిన మనిషి కెమెరాలో పడ్డాడు కదా! ఆ వీడియోను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్లాను.

అక్కడ జరిగింది ఇప్పటికీ మింగుడు పడటం లేదు. హెడ్ కానిస్టేబుల్ కంప్యూటర్‌లో వీడియో తెరిచారు. పని లేని మరో ఇద్దరు వచ్చి ఆయన కుర్చీ వెనక నిలబడ్డారు. తెర మీద పై మూలన తేదీ 1970 జనవరి 1 అని ఉంది. ఆయన నా వైపు తిరిగి, “అమ్మా, ఈ దొంగతనం మీ పెళ్లి కాకముందు జరిగినట్టుంది” అన్నారు. వెనక ఉన్న ఇద్దరూ పెద్దగా నవ్వారు. వీడియో ముందుకు నడిచింది. తెరంతా పాలు ఒలికినట్టు తెల్లటి పొర. ఆ పొర వెనక గేటు దగ్గర ఒక ఆకారం కదిలింది. ముఖం ఉండాల్సిన చోట నాలుగు బూడిదరంగు చుక్కలు. “మనిషి వచ్చాడని ఒప్పుకుంటాం. ఎవరో మీరే చెప్పాలి. పెద్దది చేసి చూపించండి” అన్నారు. పెద్దది చేస్తే చుక్కలే పెద్దవయ్యాయి. మళ్లీ నవ్వు.

ముప్పై ఒక్క ఏళ్లు ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పాను. జవాబు రాని పిల్లవాడిని చూసి తరగతిలో ఎవరినీ నవ్వనివ్వలేదు. ఆ రోజు నలుగురి ముందు జవాబు లేక నిలబడింది నేను. సొమ్ము పోగొట్టుకుని వచ్చిన మనిషిని కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇచ్చి, తర్వాత తప్పు చూపించవచ్చు. అదేమీ పెద్ద చదువు కాదు. ఫిర్యాదు రాసుకోవడానికి రెండు గంటలు పట్టింది. ఎఫ్ఐఆర్ ప్రతి రేపు వచ్చి తీసుకోమన్నారు. ఫిర్యాదుదారుకు ప్రతిని ఉచితంగా ఇవ్వాలని చట్టంలోనే ఉందని చెప్పి, అది చేతికి వచ్చేదాకా బల్ల దగ్గరే నిలబడ్డాను. మీకూ ఇలాంటి అవసరం పడితే ప్రతి లేకుండా బయటికి రాకండి.

అమెరికాలో ఉన్న మా అబ్బాయి ఫోను చేసి, “అమ్మా, ఇంత అవస్థ ఎందుకు, తోట అమ్మేద్దాం” అన్నాడు. ఆ మాట వినగానే నాకు పట్టుదల పెరిగింది.

మర్నాడు ఆ దుకాణానికే వెళ్లాను. “ఈ కెమెరా లెన్స్ ఎన్ని మిల్లీమీటర్లు?” అని అడిగాను. కెమెరా ఎంత వెడల్పు చూస్తుందో తేల్చే అంకె అది. “4 మెగాపిక్సెల్ మేడమ్” అన్నాడు. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ అదే జవాబు. చివరికి, “ఇవన్నీ మీకెందుకు మేడమ్, సార్‌ను పంపండి, ఆయనకు వివరంగా చెబుతాను” అన్నాడు. ఆయన పోయి మూడేళ్లయిందని చెప్పాను. అతను తల దించుకుని ఫోను చూసుకున్నాడు. ఆ గడప మళ్లీ తొక్కలేదు.

ఇంటికొచ్చి పెట్టె మీది వివరాలు నేనే చదివాను. 2.8 మిల్లీమీటర్ల లెన్స్, దాదాపు 105 డిగ్రీల వెడల్పు చూపు. ఇది పదో తరగతి త్రికోణమితి. గేటు ఇంటికి 18 మీటర్ల దూరంలో ఉంది. 105లో సగం 52.5 డిగ్రీలు, దాని టాంజెంట్ 1.3. దాన్ని 18తో, మళ్లీ రెండుతో హెచ్చిస్తే 47 మీటర్లు. అంటే ఆ కెమెరా గేటు దగ్గర 47 మీటర్ల వెడల్పు దృశ్యాన్ని అడ్డంగా ఉన్న 2,560 పిక్సెళ్లలో సర్దుతోంది. మీటరుకు 55 కూడా రావు. మనిషి ముఖం వెడల్పు 16 సెంటీమీటర్లనుకుంటే తొమ్మిది పిక్సెళ్లు! అపరిచితుడి ముఖం గుర్తుపట్టాలంటే మీటరుకు 250 పిక్సెళ్లు ఉండాలన్నది సీసీ కెమెరాలకు చాలాకాలంగా వాడుతున్న లెక్క. మనకు తెలిసిన మనిషే అయితే 125 చాలు. ఎవరో ఒకరు వచ్చారని తెలియడానికి 25 సరిపోతాయి. నాకు అమ్మిన కెమెరాతో ముఖం తెలియాలంటే దొంగ నాలుగు మీటర్ల దగ్గరికి వచ్చి నిలబడాలి.

అదే 4 మెగాపిక్సెల్ కెమెరాకు 12 మిల్లీమీటర్ల లెన్స్ ఉంటే చూపు సుమారు 27 డిగ్రీలకు కుదించుకుపోతుంది. 18 మీటర్ల దూరంలో ఎనిమిదిన్నర మీటర్ల వెడల్పే కనబడుతుంది, మీటరుకు దాదాపు 300 పిక్సెళ్లు వస్తాయి. నా గేటు పన్నెండు అడుగులు. ఇంకేమి కావాలి? ఈ లెక్క కాగితం మీద వేసి మరో దుకాణానికి పట్టుకెళితే, అక్కడి కుర్రవాడు దాన్ని ఫోటో తీసుకుని, ఇకపై వచ్చేవాళ్లకూ ఇలాగే చూపిస్తానన్నాడు. ఉద్యోగ విరమణ తర్వాత నాకు ఇంత గర్వం కలిగిన రోజు ఇంకొకటి లేదు.

తెల్లటి పొర సంగతీ తేలింది. చూరు కింద కెమెరాకు సాలెపురుగు గూడు కట్టింది. చీకట్లో చూడటానికి కెమెరా పరారుణ కాంతిని, అంటే మన కంటికి కనిపించని కాంతిని, వదులుతుంది. ఆ కాంతి గూటి మీద పడి వెనక్కి వచ్చి మొత్తం దృశ్యాన్ని ముంచేస్తుంది. అందుకే ఈసారి కాంతినిచ్చే దీపాన్ని కెమెరాకు రెండు మీటర్ల దూరంలో విడిగా పెట్టించాను. కెమెరాను చూరు కింద నుంచి దించి, వరండా స్తంభానికి ఏడడుగుల ఎత్తులో బిగించాం. మరీ ఎత్తున పెడితే టోపీయే కనిపిస్తుంది, ముఖం కాదు. 1970కి కారణం, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గడియారం మొదటికి పోవడం. ఇంటర్నెట్ నుంచి సమయం తానే సరిచూసుకునే ఏర్పాటు ఆ కెమెరాలో ఉంది. బిగించినవాళ్లు దాన్ని ఆన్ చేయలేదు. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ కూడా మార్చలేదు. 2016లో మిరాయ్ అనే వైరస్ ఇలా పాస్‌వర్డ్ మార్చని లక్షల కెమెరాలను, రూటర్లను పట్టుకుని ఇంటర్నెట్ మీద దాడులకు వాడుకుంది. కెమెరా బిగించిన రోజే పాస్‌వర్డ్ మీ చేత్తో మార్చుకోండి.

బోరు దగ్గరికి వైరు లాగడం కుదరదు కాబట్టి సిమ్ వేసుకునే సౌరఫలకం కెమెరా తీసుకున్నాను. గేటుకు మాత్రం అలాంటిది వద్దు. బ్యాటరీ ఆదా కోసం అది నిద్రపోతూ ఉంటుంది. ఒంటి వేడి కదలిక తగిలాక లేచేలోపు బైకు దాటిపోతుంది. గేటుకు ఇన్వర్టరు మీద నడుస్తూ రాత్రింబవళ్లు రికార్డు చేసేదే ఉండాలి. ఆ రికార్డు కెమెరాలోని కార్డులోనే ఉండనివ్వండి. సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున పంపినా రోజుకు 10.8 జీబీ అవుతుంది. నా సిమ్‌కు రోజుకు 2 జీబీయే. ఫోనుకు కదలిక కబురు, చిన్న వీడియో ముక్క వస్తే చాలు. 128 జీబీ కార్డులో ఆ లెక్కన పదకొండు రోజులు పడుతుంది. నిరంతర రికార్డింగ్ కోసం చేసిన కార్డే కొనండి, ఫోనులో వేసే మామూలు కార్డు త్వరగా అరిగిపోతుంది. సిమ్ కొనేముందు తోటలో, కెమెరా పెట్టే చోటే నిలబడి, అప్‌లోడ్ వేగం పరీక్షించండి. దుకాణంవాళ్లు చూపించేది డౌన్‌లోడ్ వేగం.

కోతుల గురించి నాకు ఎవరూ చెప్పలేదు. రెండో రోజే వైరు పీకేశాయి. ఇప్పుడు వైర్లన్నీ ఇనుప గొట్టంలో ఉన్నాయి.

స్టార్టరు దొరకలేదు. కొత్తది కొన్నాను. నిన్న రాత్రి పదకొండు దాటాక ఫోను మోగింది. గేటు తీస్తున్న మనిషి ముఖం, బుగ్గ మీది మచ్చతో సహా కనిపించింది. పక్క తోట కాపలాదారు. మూలన తేదీ, సమయం సరిగ్గా ఉన్నాయి. వెంటనే ఫోను చేశాను. “టీచరమ్మా, మీ మోటారు ఆగలేదు, నీళ్లు మా చేలోకి పారుతున్నాయి, ఆపుదామని వచ్చాను. నేనని మీకెలా తెలిసింది?” అన్నాడు. ఆపేసి గేటు వేసి వెళ్లమన్నాను.

వానలు మొదలయ్యేలోపు ఒక పని మిగిలింది. బోరు దగ్గరి సౌరఫలకం మీద మధ్యాహ్నం హిమాయత్ కొమ్మ నీడ పడుతోంది. మావారు నాటిన చెట్టు, కొమ్మ కొట్టడానికి మనసు ఒప్పుకోలేదు. వచ్చే ఆదివారం ఫలకాన్నే నాలుగడుగులు దక్షిణానికి జరిపిస్తాను.