840329216 నుంచి మొదలయ్యే చేను

అనంతపురం, శనివారం రాత్రి

ఈరోజు పొద్దంతా ఒకే ల్యాప్‌టాప్‌లో చెరిగిన డిస్క్ ముక్కను తిరిగి తేవడంతో సరిపోయింది. అంకెలు గుర్తున్నప్పుడే రాసిపెట్టుకోవాలి, ఎందుకంటే ఇట్లాంటి కేసు ఇదే ఆఖరిది కాదు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాక పాత మిషన్లు ఒక్కొక్కటే 11లోకి మారుతున్నాయి. విండోస్ పక్కన ఉబుంటు (లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్) కూడా ఉన్న మిషన్లకు అక్కడే చిక్కు వస్తోంది.

మిషను 2019 నాటిది. ఇంటెల్ ఎనిమిదో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, 1 టీబీ తిరిగే హార్డ్ డిస్క్. జేఎన్‌టీయూలో ఎంటెక్ చదివే అమ్మాయిది. ప్రాజెక్టు మొత్తం ఉబుంటు వైపే ఉంది, బ్యాకప్ లేదు. గురువారం 11కి అప్‌గ్రేడ్ చేశారు. తర్వాత ఆన్ చేస్తే ఏ సిస్టమ్ తెరవాలో అడిగే గ్రబ్ మెనూ కనపడలేదు, నేరుగా విండోస్ వచ్చింది. ఉబుంటు ఎట్లాగూ పోయింది కదా, జాగా ఎందుకు వృథా అని పిన్ని కొడుకు డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచాడు. డ్రైవ్ అక్షరం లేని 150 జీబీ ముక్క కనపడింది. దాని మీద డిలీట్ వాల్యూమ్ నొక్కేశాడు.

"అంతా పోయినట్లేనా అన్నా?" అని ఆ అమ్మాయి నిన్న ఫోన్‌లో అడిగింది.

"ఏం పోలేదమ్మా, అట్లే ఉండాది. నువ్వు మాత్రం దాన్ని మళ్లీ ఆన్ చేయొద్దు" అన్నాను.

ఊరికే ధైర్యం చెప్పడానికి అన్న మాట కాదది. ఇక్కడ జరిగిన నష్టాలు రెండు. మొదటిది అప్‌గ్రేడ్ చేసింది. మదర్‌బోర్డు జ్ఞాపకంలో ఉండే బూట్ వరసలో విండోస్ బూట్ మేనేజర్‌ను ముందుకు, ఉబుంటును వెనక్కి జరిపింది. దాంతో ఒక్క ఫైలు కూడా చెడదు. రెండోది మనిషి చేతితో జరిగింది. డిస్క్‌ను ఏయే ముక్కలుగా (పార్టిషన్లుగా) పంచారో రాసి ఉండే పార్టిషన్ పట్టికలో ఒక పద్దు చెరిగింది. నా దగ్గరికి వచ్చే "అప్‌గ్రేడ్‌లో పార్టిషన్ పోయింది" కేసుల్లో ఎక్కువ భాగం ఇట్లాంటివే. అప్‌గ్రేడ్ కంటే ఆ తర్వాతి గంటలో కంగారుపడి నొక్కిన మీటలే ఎక్కువ చెరుపు చేస్తాయి.

పార్టిషన్ పట్టిక మన అడంగల్ లాంటిది. జీపీటీ అనే పట్టిక పద్ధతిలో డిస్క్ మొదట్లో ఒక ప్రతి, చివర ఇంకో ప్రతి ఉంటాయి. ఒక్కో ప్రతిలో 128 పద్దులకు చోటు, పద్దుకు 128 బైట్లు. ఫలానా ముక్క ఏ సెక్టారులో (డిస్క్‌లోని చిన్న గడిలో) మొదలై ఎక్కడ ముగుస్తుంది, ఏ రకం అన్నదే అందులో ఉంటుంది. డిలీట్ వాల్యూమ్ ఆ పద్దును కొట్టేస్తుంది. అడంగల్‌లో పేరు కొట్టేస్తే చేను ఎక్కడికి పోతుంది? చెనక్కాయ పైరు అట్లాగే నిలబడి ఉంటుంది. భయమల్లా పక్క చేనువాళ్లు గట్టు జరిపి దున్నేస్తారనే. చివర ఇంకో ప్రతి ఉంది కదా, దాన్నుంచి తెచ్చుకుందాం అనుకోవడానికి లేదు. డిస్క్ మేనేజ్‌మెంట్ రెండు ప్రతులూ ఒకేసారి తిరగరాస్తుంది. మొదటి ప్రతి పాడై రెండోది బాగున్నప్పుడే ఆ దారి పనికొస్తుంది.

ఈ మిషనులో గట్టు జరగకుండా కాపాడింది విండోస్ రికవరీ పార్టిషనే. ఆ అబ్బాయి ఖాళీ అయిన 150 జీబీని సీ డ్రైవ్‌లో కలపబోతే ఎక్స్‌టెండ్ వాల్యూమ్ మీట వెలిసిపోయి కనపడిందట, నొక్కితే పనిచేయలేదట. డిస్క్ మేనేజ్‌మెంట్ ఒక వాల్యూమ్‌ను దాని కుడిపక్క ఆనుకుని ఉన్న ఖాళీలోకే పెంచగలదు. ఇక్కడ సీ డ్రైవ్‌కూ ఖాళీకీ నడుమ 600 ఎంబీ రికవరీ ముక్క అడ్డం ఉంది. అవతల ఉన్న డీ డ్రైవ్ ఎడమవైపుకు పెరగలేదు. ఆ అడ్డు లేకపోతే ఈపాటికి విండోస్ ఫైళ్లు ఆ చేలో దిగి ఉండేవి. న్యూ సింపుల్ వాల్యూమ్ కూడా నొక్కలేదు, అది ఇంకా మంచిదైంది. క్విక్ ఫార్మాట్ చేసినా ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైళ్లు పెట్టుకునే పద్ధతి) తన బూట్ సెక్టారు, ఫైళ్ల పట్టిక, లాగ్ తెచ్చి మన పైరు మీదే పరిచేది.

విండోస్ తనంతట తాను ఏ ముక్కకూ కేటాయించని (అన్‌అలొకేటెడ్) చోట రాయదు. రాయించేది మనమే. "ఫార్మాట్ చేయాలా?", "ఇనిషియలైజ్ చేయాలా?" అని ఎన్నిసార్లు అడిగినా రద్దే చేయాలి. అందుకే మిషను ఆపి తెమ్మన్నాను.

పొద్దున ఉగ్గాని, బజ్జీ తిని కూర్చునేసరికి తొమ్మిదిన్నర. ముందుగా డిస్క్‌ను ముట్టకుండా నడిచే ఉబుంటు లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, "ట్రై ఉబుంటు" ఎంచుకున్నాను. ఇన్‌స్టాల్ జోలికి పోకూడదు. కొన్ని మిషన్లలో లైవ్‌లో డిస్కే కనపడదు. బయోస్‌లో స్టోరేజ్ ఆర్‌ఎస్‌టీ అనే ఇంటెల్ సొంత పద్ధతిలో ఉంటే అట్లా అవుతుంది. విండోస్‌ను సిద్ధం చేయకుండా దాన్ని ఏహెచ్‌సీఐ అనే మామూలు పద్ధతికి మారిస్తే విండోస్ లేవదు. ఈ మిషనుకు ఆ బాధ లేదు.

మొదట డిస్క్ ఆరోగ్యం. డిస్క్ తన ఆరోగ్యం గురించి రాసుకునే అంకెల్ని చూపే స్మార్ట్‌సీటీఎల్‌తో 5, 197, 198 వరుసలు చూశాను. తిరిగి కేటాయించిన సెక్టార్లు, అనుమానంలో ఉన్నవి, చదవలేకపోయినవి. మూడూ సున్నా. 197 దగ్గర అంకె ఏదైనా ఉంటే ఇంక దేనికోసం వెతకకుండా ముందు ప్రతి తీసుకోవాలి. వెతకడం వల్లే డిస్క్ ఇంకాస్త అరుగుతుంది.

తర్వాత పట్టికను దిద్దే ఎస్‌జీడిస్క్ ప్రోగ్రాము బ్యాకప్ ఆప్షన్‌తో ఇప్పటి పట్టికను, చెడిపోయినదైనా సరే, పెన్‌డ్రైవ్‌లోకి తీసుకున్నాను. ఏదైనా తప్పు చేస్తే కనీసం ఇప్పుడున్న స్థితికి రావడానికి. డిస్క్ ముక్కల జాబితా చూపే పార్టెడ్‌లో యూనిట్‌ను సెక్టార్లకు మార్చి, ఖాళీలతో సహా చూపించమంటే డిస్క్ మొత్తం 1953525168 సెక్టార్లు, మన ఖాళీ 840329216 నుంచి 1154902015 వరకు అని వచ్చింది. తీసివేసి ఒకటి కలిపితే 314572800 సెక్టార్లు. ఒక్కోటి 512 బైట్లు, అంటే కచ్చితంగా 150 జీబీ. మొదలు అంకె 2048తో నిశ్శేషంగా భాగమవుతోంది. ఈ కాలపు ఇన్‌స్టాలర్లు ముక్కల్ని 1 ఎంబీ హద్దు మీదే మొదలుపెడతాయి కాబట్టి భాగం కాకపోయి ఉంటే అనుమానపడేవాణ్ణి.

ఇక్కడ చాలామంది తొందరపడతారు. అంకెలు దొరికాయి కదా అని రాసేస్తారు. నేను ముందు ఆ ముక్క మొత్తాన్ని డీడీరెస్క్యూ అనే ప్రతి తీసే ప్రోగ్రాముతో బయటి హార్డ్ డిస్క్‌లోకి ప్రతి తీశాను. మొదలు, పొడవు సెక్టార్లలోనే ఇవ్వొచ్చు, అంకె చివర చిన్న ఎస్ అక్షరం పెడితే చాలు. ఎంతవరకు తీసిందో రాసుకునే మ్యాప్‌ఫైల్ తప్పక ఇవ్వాలి. పదిన్నరకు కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడిచింది గానీ, అదే డెస్క్‌టాప్ అయితే పని మధ్యలో తెగేది. మ్యాప్‌ఫైల్ ఉంటే తెగినచోటి నుంచే మళ్లీ మొదలవుతుంది, లేకపోతే మొదటికొస్తుంది. మొత్తం 34 నిమిషాలు పట్టింది, సెకనుకు సుమారు 79 ఎంబీ. దీని తర్వాత మనసు కుదుటపడింది. ఇక నా చేతిలో ఏ పొరపాటు జరిగినా ఆ అమ్మాయి పని భద్రం.

అప్పుడు పోయిన పార్టిషన్లను వెతికే టెస్ట్‌డిస్క్ తెరిచాను. లాగ్ కోసం క్రియేట్, డిస్క్ ఎంపిక, పట్టిక రకం ఈఎఫ్‌ఐ జీపీటీ, ఆపైన అనలైజ్, క్విక్ సెర్చ్. ఇది పట్టికను నమ్మకుండా చేలోకి దిగి హద్దురాళ్ల కోసం చూస్తుంది. ఉబుంటు ఫైళ్లు పెట్టుకునే పద్ధతైన ఈఎక్స్‌టీ4లో ఆ రాయి పేరు సూపర్‌బ్లాక్. పార్టిషన్ మొదలు నుంచి 1024 బైట్ల తర్వాత ఉంటుంది, దాని మీద ఈఎఫ్53 అనే గుర్తు చెక్కి ఉంటుంది. మొత్తం ఎన్ని బ్లాకులో కూడా అందులోనే రాసి ఉంటుంది. ఇక్కడ 39321600 బ్లాకులు, బ్లాకుకు 4096 బైట్లు. ఎనిమిదితో గుణిస్తే 314572800 సెక్టార్లు. పార్టెడ్ చూపిన ఖాళీతో ఒక్క సెక్టారు తేడా లేకుండా సరిపోయింది. వేర్వేరు దారుల్లో వచ్చిన రెండు లెక్కలు కలిశాకే నేను రాయడానికి ఒప్పుకుంటాను.

మొదటి రాయి పోయినా ఫర్వాలేదు. 4096 బైట్ల బ్లాకులతో మామూలుగా చేసిన ఈఎక్స్‌టీ4లో సూపర్‌బ్లాక్ ప్రతులు 32768, 98304, 163840, 229376 బ్లాకుల దగ్గర ఉంటాయి. ఈఎక్స్‌టీ4ను సరిచూసే ఈ2ఎఫ్‌ఎస్‌సీకేకు బ్లాక్ నంబరు 32768, బ్లాక్ సైజు 4096 అని చెబితే ఆ ప్రతి నుంచి లాగుతుంది. క్విక్ ఫార్మాట్ నొక్కేసిన కేసుల్లో తరచుగా ఆదుకునేది ఇదే.

డీపర్ సెర్చ్ కూడా నడిపాను. అందులో ఒక దెయ్యం బయటపడింది. అదే మొదలు, చివర మాత్రం కాస్త ముందే, రకం ఎన్‌టీఎఫ్‌ఎస్. ఉబుంటు పెట్టకముందు అక్కడ విండోస్ వాళ్ల "ఈ" (E) డ్రైవ్ ఉండేదట, కాస్త చిన్నది. ఎన్‌టీఎఫ్‌ఎస్ తన బూట్ సెక్టారు నకలును పార్టిషన్ ఆఖరి సెక్టారులో దాచుకుంటుంది. ఈఎక్స్‌టీ4 వేసినప్పుడు ఆ చోటు చెరగలేదు. రెండిటిలో ఏది నిజమో తేల్చడానికి, లోపలి ఫైళ్లు చూపే పీ (P) మీట నొక్కాలి. ఈఎక్స్‌టీ4 మీద నొక్కితే హోమ్, ఈటీసీ, వార్ అన్నీ వరసగా కనపడ్డాయి. హోమ్‌లోకి వెళితే ప్రాజెక్టు ఫోల్డరు కూడా. ఎన్‌టీఎఫ్‌ఎస్ మీద నొక్కితే ఫైల్‌సిస్టమ్ తెరవలేనంది. ఫైళ్లు కనపడకుండా ఏ పార్టిషన్‌నూ నమ్మి రైట్ నొక్కకూడదు.

టెస్ట్‌డిస్క్‌లోనే రైట్ నొక్కితే పని అయిపోతుంది. కానీ అది తన జాబితా ప్రకారం పట్టికంతా రాస్తుంది. అందులో ఏ ఒక్క ముక్క డిలీటెడ్ అని ఉండిపోయినా అదీ పోతుంది. చెరిగింది ఒక్క పద్దు అయినప్పుడు ఒక్క పద్దే రాయడం న్యాయం అనిపిస్తుంది నాకు. టెస్ట్‌డిస్క్‌ను చదవడానికి మాత్రమే వాడి, ఎస్‌జీడిస్క్‌తో ఖాళీగా ఉన్న 5వ నంబరులో ఆ మొదలు, ఆ చివర ఇచ్చి, రకం 8300, అంటే లినక్స్ ముక్క, అని చేర్చాను. పని ఒక సెకను కూడా పట్టలేదు. ఎంటర్ నొక్కేముందు మాత్రం ప్రతి అంకెనూ కాగితం మీద ఉన్న వాటితో వేలు పెట్టి పోల్చుకున్నాను.

కొత్త పార్టిషన్ చేశాక ఫార్మాట్ చేయాలేమో అని కొందరు ఇక్కడ ఎంకేఎఫ్‌ఎస్ అనే ఫార్మాట్ ఆదేశం కొడతారు. అది కొడితే పైరు మీద ట్రాక్టర్ తోలినట్టే.

తర్వాత ఈ2ఎఫ్‌ఎస్‌సీకేను ముందు ఏమీ రాయని పద్ధతిలో, అంటే మైనస్ ఎన్‌తో నడిపాను. తప్పుల్లేవు. చదవడానికి మాత్రమే మౌంట్ చేసి ప్రాజెక్టు ఫోల్డరును ఇంకోచోటికి కాపీ చేశాను. ఫైల్‌సిస్టమ్ గుర్తింపు సంఖ్య, అంటే యూయూఐడీ, ఉబుంటు బూట్ అయ్యేటప్పుడు చూసుకునే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో ఉన్నదే. అది పట్టికలో ఉండేది కాదు, సూపర్‌బ్లాక్‌లో ఉండేది, కాబట్టి మారదు. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో పార్ట్‌యూయూఐడీ (పట్టికలోని పద్దు గుర్తింపు సంఖ్య) వాడి ఉంటే మాత్రం కొత్త పద్దుతో అది మారిపోయి బూట్ ఆగేది.

ఇక మొదటి నష్టం. బూట్ ఫైళ్లుండే ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో ఉబుంటు ఫోల్డరు అట్లాగే ఉంది. గ్రబ్‌ను లేపే షిమ్, గ్రబ్, చిన్న గ్రబ్ కాన్ఫిగరేషన్ ఫైలు. ఆ చిన్న ఫైలు వెతికేది కూడా యూయూఐడీతోనే కాబట్టి గ్రబ్‌ను మళ్లీ వేయాల్సిన పని పడలేదు. ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్‌తో బూట్ వరసలో ఉబుంటును ముందుకు తెచ్చి రీస్టార్ట్ చేస్తే మెనూ వచ్చింది. విండోస్ పేరు కూడా అందులో ఉంది. లేకపోతే గ్రబ్ సెట్టింగుల ఫైలులో, పక్కనున్న సిస్టమ్‌లను వెతికే ఓఎస్ ప్రోబర్‌ను ఆపే వరసకు ఫాల్స్ అని రాసి, అప్‌డేట్ గ్రబ్ నడపాలి. గ్రబ్ 2.06 నుంచి అది మామూలుగా ఆగి ఉంటుంది.

మెనూ బదులు ఎస్‌బీఏటీ సెల్ఫ్ చెక్ ఫెయిల్డ్ అని వచ్చి మిషను ఆగిపోతే అది వేరే జబ్బు. 2024 ఆగస్టు విండోస్ అప్‌డేట్ తర్వాత చాలా డ్యుయల్ బూట్ మిషన్లకు వచ్చింది. పార్టిషన్‌తో దానికి సంబంధం లేదు. నమ్మదగ్గ బూట్ ఫైళ్లనే నడవనిచ్చే సెక్యూర్ బూట్ ఆపి, ఉబుంటులోకి వెళ్లి మోక్‌యుటిల్‌తో ఎస్‌బీఏటీ పాలసీ (ఏ పాత బూట్ ఫైళ్లను ఆపాలో చెప్పే జాబితా) తీసేసి, రీస్టార్ట్ అయ్యాక సెక్యూర్ బూట్ తిరిగి పెట్టాలి. సెక్యూర్ బూట్ ముట్టుకునే ముందు, డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ చేతిలో ఉందో లేదో చూసుకోవాలి.

ఈరోజు పని ఇంత నిదానంగా నడిచిందంటే డిస్క్ తిరిగే రకం కావడం కూడా ఒక కారణం. ఎస్‌ఎస్‌డీ అయితే ట్రిమ్ ఉంటుంది. ఫార్మాట్ చేసినప్పుడు విండోస్ ఈ చోటంతా ఖాళీ అని ఎస్‌ఎస్‌డీకి చెప్పేస్తుంది. సీ డ్రైవ్‌ను అందులోకి పెంచి ఉంటే మామూలుగా వారానికోసారి నడిచే ఆప్టిమైజ్ డ్రైవ్స్ అదే పని చేస్తుంది. ఒకసారి చెప్పాక చాలా ఎస్‌ఎస్‌డీలు అక్కడ సున్నాలే చూపిస్తాయి. అప్పుడు హద్దురాళ్లూ ఉండవు, పైరూ ఉండదు, టెస్ట్‌డిస్క్‌కు దొరికేదేమీ ఉండదు. ఎస్‌ఎస్‌డీ మిషను ఎవరు తెచ్చినా నేను ముందు అడిగేది ఫార్మాట్ అయిందా, పెంచారా అనే.

విండోస్‌లోకి వెళ్లి అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో హైబర్నేట్ ఆపేశాను. దాంతో ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆగుతుంది. అది నడుస్తుంటే విండోస్ పూర్తిగా షట్‌డౌన్ కాదు, ఉబుంటు వైపు నుంచి డీ డ్రైవ్ చదవడానికే తప్ప రాయడానికి రాదు. సరిచేసిన పట్టికను ఎస్‌జీడిస్క్‌తో ఇంకోసారి బ్యాకప్ తీసి పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాను. కొన్ని కేబీల ఫైలు అంతే.

ల్యాప్‌టాప్ తీసుకుపోయేముందు విండోస్ గడియారం మధ్యాహ్నం 2:10 చూపిస్తోంది. బయట రాత్రి 7:40. ఉబుంటు మదర్‌బోర్డు గడియారాన్ని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం)లో ఉంచుతుంది, విండోస్ దాన్నే స్థానిక సమయం అనుకుంటుంది, మనకు తేడా ఐదున్నర గంటలు. ఉబుంటులో టైమ్‌డేట్‌సీటీఎల్‌కు సెట్ లోకల్ ఆర్‌టీసీ 1 అని ఇచ్చాను. రెండువైపులా ఒకే టైము వచ్చింది.