చొక్కా మీద నూనె చార

రాత్రి పదకొండు దాటింది. అందరూ పడుకున్నాక చిన్నవాడి తెల్ల చొక్కాను బకెట్లో నానబెట్టబోతూ, కుడి భుజం మీద వేలెడు వెడల్పున ఉన్న నల్లటి చారను చూశాను. ముక్కు దగ్గర పెట్టుకుంటే కొబ్బరినూనె, తుప్పు కలిసిన వాసన వచ్చింది. పలమనేరులో పెద్దమామయ్య తన వడ్లగది తలుపు వెనుక ఆనించి పెట్టే తుపాకీ గొట్టానికి కొబ్బరినూనే పూస్తారు. "నేను ముట్టుకోలేదమ్మా, చూశానంతే" అని మధ్యాహ్నం నేను అడగకముందే వాడు చెప్పిన మాట గుర్తుకు వచ్చి, ఆ చొక్కాను నీళ్లలో వేయలేక చేతిలోనే పట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయాను.

ఇవాళ మేము వెళ్లింది ఆ ఇంట్లో సీమంతానికే, బాగా జరిగింది. మా పెద్దపిల్ల రెండు చేతులకూ గాజులు వేయించుకుని మురిసిపోయింది. ఆ ముచ్చట్లు ఇంకొకరోజు రాస్తాను. భోజనాలైన తరువాత వసారాలో అందరూ కూర్చున్నప్పుడు, "మామయ్యా, ఆ తుపాకీలో తూటా ఏమైనా ఉందా? తూటాలు ఎక్కడ పెడతారు?" అని అడిగాను. క్షణంపాటు ఎవరూ మాట్లాడలేదు. "మన ఇంటి పిల్లకాయలు చెబితే వింటారమ్మా, దాంట్లో ఏమీ లేదులే" అని ఆయన నవ్వేశారు. తూటాలు గూట్లో రేకుడబ్బాలో ఉంటాయనీ, ఆ డబ్బాకు తాళం లేదనీ తరువాత వంటింట్లో పెద్దత్తయ్య మెల్లగా చెప్పింది.

మొగిలి ఘాట్ దిగుతుండగా ఈయన మొదలుపెట్టారు. పెద్దవాళ్లను నలుగురిలో అలా నిలదీయవచ్చునా, వాళ్లు ఏమనుకుని ఉంటారు అని. నేను నిలదీయలేదు, అడిగాను. బావికి గోడ ఎత్తు చాలదని చెబితే ఎవరూ చిన్నబుచ్చుకోరు. పురుగుమందు సీసాను పిల్లలకు అందకుండా పైన పెట్టమంటే, నిజమే కదా అని పెడతారు. తుపాకీ దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఇంటి పరువు అడ్డం వస్తుంది. ఎందుకంటే అది వాళ్ల నాయన కాలం నుంచి వస్తున్న లైసెన్సు, ఊళ్లో వాళ్ల ఇంటికొక గుర్తు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండనివారికి సాధారణంగా లైసెన్సే ఇవ్వరు. ఆయుధాన్ని భద్రంగా దాస్తామని లైసెన్సు కోరేవారు హామీ ఇవ్వాలని 2016 నాటి నియమాలు కూడా చెబుతున్నాయి. అలాంటి వస్తువు ఏడేళ్ల పిల్లవాడి చేతికి అందేలా తలుపు చాటున ఉన్నప్పుడు, అది అక్కడ ఉండడం తప్పు కాదట, దాని సంగతి నేను అడగడం తప్పట. చిత్తూరు దాటేవరకు నేను మాట్లాడలేదు, ఆ తరువాత ఆయన మాట్లాడలేదు.

ఆ ఇంట్లో అసలు తుపాకీ ఎందుకు అని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. కౌండిన్య అడవి నుంచి ఏనుగులు టమాటా తోటల మీదికి వస్తాయి, నిజమే. కానీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉండగా ఏనుగును కాల్చడానికి లేదు కాబట్టి, ఆ తుపాకీ చేయగలిగినదల్లా గాలిలో శబ్దమే. 2024 ఎన్నికలప్పుడు మార్చి మధ్యలో దానిని పోలీసు స్టేషనులో జమచేసి, జూన్‌లో ఫలితాలు వచ్చిన తరువాతే తెచ్చుకున్నారు. ఆ రెండున్నర నెలలూ టపాకాయలతో, డబ్బాల మోతతోనే పంటకు కాపలా కాశారు. అయితే దానిని శాశ్వతంగా అక్కడే అప్పగించి రావచ్చు కదా అనిపించింది. ఇప్పుడు రాస్తూ ఉంటే ఆ మాట మీద నాకే నిలకడ లేదు. ఆ చుట్టుపక్కల ఏనుగుల బారినపడి రైతులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. రాత్రిపూట మోటారు షెడ్డులో ఒంటరిగా పడుకునే మనిషికి పక్కన ఏది ఉంటే ధైర్యమో, తిరుపతిలో మూడో అంతస్తులో తలుపు వేసుకుని పడుకునే నేను నిర్ణయించలేను.

పోనీ, చిన్నవాడికే గట్టిగా చెబితే సరిపోతుందా? తుపాకీ కనబడితే ముట్టుకోకు, ఆ గదిలోంచి బయటకు వచ్చేయి, వెంటనే పెద్దవాళ్లకు చెప్పు అని ఇంతకు ముందే చెప్పాను. రేపు మళ్లీ చెబుతాను. కానీ మాకూ చెప్పారు.

1996 వేసవి సెలవులు, కార్వేటినగరం దగ్గర మా తాతగారి ఊరు. చెనక్కాయల చేనులో పడిన అడవి పందులను బెదరగొట్టడానికి తాత రాత్రి తన జోడుగొట్టాల తుపాకీలో రెండు తూటాలు వేసుకుని వెళ్లి, ఒకటి కాల్చాడు. ఖాళీ తూటాను తీసేసి, పందులు మళ్లీ వస్తాయేమోనని రెండోదాన్ని అలాగే ఉంచి, తెల్లవారుజామున ఇంటికి వచ్చి తుపాకీని మంచం పక్కన ఆనించి నిద్రపోయాడు. ఇత్తడి అడుగున్న ఖాళీ తూటాలతో ఈలలు ఊదుకునే పిల్లలం మేము. తుపాకీని ముట్టుకుంటే చేతులు విరుస్తానని తాత అన్న మాట అన్నకూ నాకూ నోటికి వచ్చు. అన్న దానిని ఎత్తి నావైపు పెట్టి ముందు మీటను నొక్కాడు. టప్ అని చిన్న చప్పుడు అయింది. ఆ తుపాకీకి మీటలు రెండు. ముందుది కుడి గొట్టానిది, వెనుకది ఎడమ గొట్టానిది. తూటా ఎడమ గొట్టంలో ఉంది.

ఆ చప్పుడుకు లేచిన తాత తుపాకీని లాక్కుని, మధ్యకు విరిచినట్టు తెరిచి చూసి, ఆ ఎర్ర తూటాను అరచేతిలో పెట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. మమ్మల్ని కొట్టలేదు, తిట్టలేదు. ఆయన చేయి వణుకుతుంటే తూటా అరచేతిలో అటూ ఇటూ దొర్లడం ఇప్పటికీ నా కళ్ల ముందుంది.

ఆ వారంలోనే అవ్వ మాట్లాడింది. తుపాకీని కొయ్యపెట్టెలో పెట్టి తాళం వేయించింది. తూటాలను తన ట్రంకుపెట్టెలోకి మార్చి, ఆ తాళంచెవిని రొంటిన దోపుకుంది. చేను నుంచి రాగానే ఇంటి గడప బయటే తుపాకీని విరిచి, రెండు గొట్టాలూ ఖాళీ అని ఆమెకు చూపించిన తరువాతే తాత లోపలికి రావాలి. పిల్లలకు ఎన్నిసార్లు చెప్పాలో ఆలోచిస్తూ కూర్చోలేదు ఆమె. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ అనే పిల్లల వైద్యుల సంఘం అక్కడి తల్లిదండ్రులకు చెప్పేది కూడా ఇదే: తుపాకీ ఖాళీగా, తాళంలో ఉండాలి, తూటాలు వేరేచోట వేరే తాళంలో ఉండాలి. టెక్సాస్‌లో మా మరదలు పిల్లను ఎవరి ఇంటికైనా ఆడుకోవడానికి పంపేముందు, మీ ఇంట్లో తుపాకీ ఉందా, తాళంలో ఉందా అని అడిగి పంపుతుంది. రెండేళ్ల కిందట ఆ సంగతి విని, ఎదుటివాళ్లు ఏమనుకుంటారే అని నేనే ఆమెను మందలించాను. ఇవాళ ఈయన నన్ను అన్న మాటే అది. ఆమెకు కూడా ఫోను చేయాలి.

ఇందాక చిన్నవాడు నీళ్లు తాగడానికి లేచి వచ్చాడు. నా చేతిలో చొక్కాను చూసి తల దించుకున్నాడు. కేకలు వేస్తే రేపటి నుంచి ఏమీ చెప్పడని భయపడి, "బరువుగా ఉందా నాన్నా?" అని మాత్రమే అడిగాను.

"చాలా బరువమ్మా. రెండు చేతులతో ఎత్తి భుజం మీద పెట్టుకున్నాను. అన్నయ్య ఆ ఇనుప మీట నొక్కమన్నాడు, కానీ గట్టిగా ఉంది" అన్నాడు.

తెల్లవారగానే పెద్దత్తయ్యకు ఫోను చేస్తాను. ఆమె బీరువా లోపలి అరకు తాళం ఉంది, తాళంచెవి కూడా ఆమె దగ్గరే ఉంటుంది. రేకుడబ్బా అందులో పడుతుంది. తుపాకీ పెట్టెకు కావలసిన తాళం నేను కొని పంపుతాను. ఈయన పక్కన కూర్చుని వింటుండగానే మాట్లాడతాను.