అన్నీ అడిగాకే టీకా వేయించాను

మా అమ్మాయికి పన్నెండేళ్ళు నిండగానే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా వేయించాలనుకున్నాను. మా అమ్మ వద్దంటే వద్దంది. మేం ఉండేది హైదరాబాద్‌లో, వనస్థలిపురంలో. పుట్టిల్లు మాత్రం కొత్తగూడెం దగ్గర. మా వైపు ఈ టీకా పేరెత్తితే పెద్దవాళ్ళకి 2009 గుర్తొస్తుంది. "అప్పుడు హాస్టల్ పిల్లలకి వేసిన సూదేగా అది? అన్నీ తెలిసి మన పిల్లకి వేయిస్తానంటావేంటే?" అని అమ్మ ఫోన్‌లోనే గట్టిగా అడిగింది.

అమ్మది చాదస్తమని కొట్టిపారేయలేకపోయాను. ఎందుకంటే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఎలా ఉంటుందో మా ఇంట్లో అందరికంటే బాగా తెలిసింది ఆవిడకే. మా చిన్నమ్మ ఆ జబ్బుతోనే పోయింది. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి రేడియేషన్ కోసం తీసుకెళ్ళిందీ, పక్కన కూర్చుందీ అమ్మే. అంత చూసిన మనిషి కూడా టీకా వద్దంటోందంటే ఆ భయం ఎక్కడ మొదలైందో ముందు నేను తెలుసుకోవాలి కదా.

2009లో అప్పటి ఖమ్మం జిల్లాలోని మూడు మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకి ఈ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పథకం అది. గుజరాత్‌లోని వడోదరలో కూడా జరిగింది. ఏడుగురు పిల్లలు చనిపోయారన్న వార్తలు రావడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాల మీద ప్రభుత్వం కమిటీ వేసి విచారణ జరిపించింది. ఐదుగురి విషయంలో పురుగుమందు తాగడం, నీళ్ళలో మునిగిపోవడం, పాముకాటు, మలేరియా కారణాలని తేలింది. మిగిలిన ఇద్దరి విషయంలో కారణం అంత కచ్చితంగా చెప్పలేకపోయినా, టీకా వల్ల అయ్యే అవకాశం తక్కువని కమిటీ అభిప్రాయపడింది.

ఇదంతా చదివాక నా మనసుని ఎక్కువగా కలచివేసింది ఆ అంగీకార పత్రాల సంగతి. మన రాష్ట్రంలో పరిశీలించిన ఫారాల్లో రెండు వేలకు పైగా హాస్టల్ వార్డెన్లే సంతకం పెట్టారు. ఇంకెన్నో ఫారాల మీద వేలిముద్రలున్నాయి. ఆ పిల్లల్లో చాలామంది గిరిజనులు. ఏం వేస్తున్నారో, ఎందుకు వేస్తున్నారో వాళ్ళ అమ్మానాన్నల్లో చాలామందికి సరిగ్గా చెప్పిన నాథుడు లేడు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుబట్టింది. మా అమ్మ భయానికి మూలం అక్కడుందని అప్పుడర్థమైంది. పిల్లలు టీకా వల్ల చనిపోలేదని తేలి ఉండొచ్చు. కానీ ఇంట్లోవాళ్ళకి చెప్పకుండా సూది వేశాక, తర్వాత ఎవరేం తేల్చినా ఊళ్ళో జనం ఎందుకు నమ్ముతారు?

అందుకే మా అమ్మాయికి వేయిస్తే నాకున్న ప్రశ్నలన్నిటికీ జవాబు దొరికాకే వేయించాలని గట్టిగా అనుకున్నాను.

మా ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళాం. అక్కడి డాక్టర్ గారు నేను రెండో ప్రశ్న అడిగేలోపే విసుక్కున్నారు. "ఇంటర్నెట్‌లో చూసి వచ్చి అందరూ ఇవే అడుగుతారమ్మా. వేయించుకుంటే వేయించుకోండి, లేకపోతే లేదు" అన్నారు. బయట క్యూ ఉన్న మాట నిజమే, ఆయన హడావుడి నాకూ తెలుసు. కానీ ఇలాంటి మాటతో ఎంతమంది తల్లులు వెనక్కి వెళ్ళిపోతారో ఆయన ఆలోచించాలి. భయపడి ప్రశ్న అడిగినవాళ్ళు టీకాకి శత్రువులు కారు. అలా కసిరితే మాత్రం శత్రువులవుతారు.

తెలిసినవాళ్ళు చెబితే మలక్‌పేట వైపు ఇంకో గైనకాలజిస్ట్ మేడమ్ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ కుర్చీ మా వైపు తిప్పుకుని నిదానంగా చెప్పారు. ఈ టీకాలో ఉండేది వైరస్ పైపొరలోని ప్రొటీన్ మాత్రమే, లోపలి జన్యుపదార్థం ఉండదు కాబట్టి దీనివల్ల ఇన్‌ఫెక్షన్ రాదు. ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి కారణమయ్యేది ఈ వైరస్‌లోని 16, 18 అనే రకాలు, ఆ రెండిటి నుంచీ ఈ టీకా కాపాడుతుంది. పిల్లలు పుట్టరన్న భయానికి ఆధారం దొరకలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల కమిటీ పరిశీలించి చెప్పింది. స్వీడన్‌లో పదహారు లక్షలకు పైగా ఆడపిల్లల, యువతుల రికార్డులు చూసి 2020లో అధ్యయనం ప్రచురించారు. పదిహేడేళ్ళలోపు వేయించుకున్నవాళ్ళలో ఈ క్యాన్సర్ 88 శాతం తక్కువగా కనిపించింది.

"పెళ్ళి కాని పిల్లకి ఇప్పుడెందుకు మేడమ్?" అని మా ఆయన అడిగారు. వైరస్ ఒంట్లోకి రాకముందే వేస్తేనే ఎక్కువ ఉపయోగం అనీ, పైగా చిన్న వయసులో రోగనిరోధక స్పందన బాగుంటుంది కాబట్టి 9 నుంచి 14 ఏళ్ళ వరకు రెండు డోసులు సరిపోతాయనీ, పదిహేను నిండితే మూడు కావాలనీ చెప్పారు. తీవ్రమైన ఎలర్జీ రావడం చాలా చాలా అరుదు అన్నారు గానీ, రానే రాదు అనలేదు. ఆ మాటతోనే ఆవిడ మీద నాకు నమ్మకం కుదిరింది. జపాన్ సంగతి కూడా ఆవిడే చెప్పారు. దుష్ప్రభావాల వార్తలు రావడంతో అక్కడి ప్రభుత్వం 2013లో ఈ టీకాని సిఫారసు చేయడం ఆపేసి, అన్నీ పరిశీలించుకుని 2022లో మళ్ళీ మొదలుపెట్టిందట.

ఆ మాటలన్నీ ఫోన్ స్పీకర్‌లో పెట్టి అమ్మకి వినిపించాను. కాసేపు తర్వాత "ఆ డాక్టరమ్మ మా ఊరొచ్చి చెప్పి ఉంటే బాగుండేది" అంది. సరేనని మాత్రం అప్పుడే అనలేదు.

మేడమ్ దగ్గర టీకా స్టాకు లేకపోవడంతో వేయించింది వేరే చోట. పుణెలో సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావాక్ తీసుకున్నాం. అప్పుడు ఎమ్మార్పీ డోసుకి 2,000 రూపాయలు. విదేశీ టీకాలు దీనికంటే చాలా ఖరీదు. నర్సమ్మని సీసా చూపించమని అడిగాను. ముందు వింతగా చూసింది, తర్వాత తెచ్చి చూపించింది. గడువు తేదీ చదివాను, బ్యాచ్ నంబర్ ఫోన్‌లో ఫోటో తీసుకున్నాను. సీసా కుదిపేసరికి అడుగున పేరుకున్న మందు పల్చటి మజ్జిగలా తెల్లగా కలిసిపోయింది. అలాగే ఉండాలని, గడ్డలు గానీ నలకలు గానీ కనిపిస్తే వాడకూడదని ఆ అమ్మాయే చెప్పింది.

సూది వేయగానే "అయిపోయింది, ఇక వెళ్ళొచ్చు" అన్నారు. నేను వెళ్ళలేదు. ఈ వయసు పిల్లలకి సూది తర్వాత కళ్ళు తిరగడం మామూలే, పదిహేను నిమిషాలు కూర్చోబెట్టాలని మేడమ్ ముందే చెప్పారు. కూర్చోడానికి చోటు లేక మెట్ల మీదే కూర్చున్నాం. నిజంగానే కాసేపటికి పిల్ల మొహం పాలిపోయి చెమటలు పట్టాయి. ఒళ్ళో పడుకోబెట్టుకుని కాళ్ళు కొంచెం ఎత్తి పెడితే తేరుకుంది. అదే బండి మీద వెనక కూర్చుని వస్తుండగా అయితే? ఆ ఊహకే నాకు చేతులు వణికాయి.

జ్వరమొస్తే వేయమని కౌంటర్‌లో కవర్‌లో విడి బిళ్ళలు ఇచ్చారు. పేరున్న స్ట్రిప్ కావాలని అడిగి మార్పించుకున్నాను. 2019 మార్చిలో మన నాంపల్లిలో ఏం జరిగిందో హైదరాబాద్‌లో పిల్లలున్న ఎవరూ మర్చిపోలేరు. పసిపిల్లలకి టీకాల తర్వాత పారాసిటమాల్ ఇవ్వాల్సింది పోయి ట్రమడాల్ అనే బలమైన నొప్పి మందు బిళ్ళలు ఇచ్చారు. ఎంతోమంది నీలోఫర్ పిల్లల ఆసుపత్రి పాలయ్యారు, పసిప్రాణాలు పోయాయి. టీకాలో లోపం లేదు, బిళ్ళ ఇచ్చిన చేతిలో ఉంది. కానీ పోయిన నమ్మకం మాత్రం టీకా మీదే.

పిల్లకి కళ్ళు తిరిగిన సంగతి ఎక్కడైనా రాశారా అని అడిగితే "అది మామూలేనమ్మా" అన్నారు. మామూలైనా నమోదు కావాలి. టీకాల వల్లగానీ మందుల వల్లగానీ ఏదైనా తేడా చేస్తే, మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే ప్రభుత్వ కార్యక్రమం ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఆఫ్ ఇండియాకి మనమే చెప్పొచ్చు. టోల్‌ఫ్రీ నంబర్ 1800-180-3024. మామూలు జనం నింపే ఫారం తెలుగులో కూడా ఉంది. అది నింపి పంపాను.

ఆ తర్వాత ఆసుపత్రి మేనేజ్‌మెంట్‌కి ఉత్తరం రాశాను. అడిగినవి పెద్ద కోరికలేం కావు. సూది తర్వాత కూర్చోడానికి చోటు, కార్డు మీద టీకా పేరు, బ్యాచ్ నంబర్, సంతకం పెట్టించుకునే ముందు తెలుగులో ఒక సమాచార పత్రం. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో సమాచారం పొందే హక్కు, తెలిసి ఒప్పుకునే హక్కు ఉన్నాయనీ, కేంద్ర ఆరోగ్యశాఖ 2019లో దాన్ని అమలు చేయమని రాష్ట్రాలకి పంపిందనీ అందులోనే రాశాను. జవాబు రాలేదు.

ఆరు నెలల తర్వాత రెండో డోసుకి వెళ్తే వరండాలో కుర్చీలు వేసి ఉన్నాయి. కార్డు మీద బ్యాచ్ నంబర్ మేం అడగకుండానే రాశారు. ఈసారి అమ్మ కూడా వచ్చింది. సీసా చూపించమని నర్సుని అడిగింది ఆవిడే. టీకా ఉన్నా పరీక్షలు మానకూడదని మేడమ్ చెప్పిన మాట మీద నేను ముఖద్వార క్యాన్సర్‌ని ముందుగా పసిగట్టే పాప్ స్మియర్ పరీక్ష చేయించుకున్నాను, నార్మల్ వచ్చింది.

తెలుగు సమాచార పత్రం మాత్రం ఇంకా రాలేదు, ఇంగ్లీషు ఫారం మీదే సంతకాలు పెట్టిస్తున్నారు. మేడమ్ సాయంతో రెండు పేజీలు తెలుగులో రాసి వాళ్ళకి ఇచ్చాను, జిల్లా వైద్యాధికారికి కూడా కాపీ పంపాను. వచ్చే వారం మళ్ళీ వెళ్ళి అడుగుతాను.