మలుపు దగ్గర అల

బుధవారం రాత్రి, కర్నూలు.

పొద్దున మా ల్యాబులో క్లిస్ట్రాన్ బెంచ్ మీద, అంటే వేవ్‌గైడ్ అనే లోహపు గొట్టంలో మైక్రోవేవ్‌లు పంపి కొలిచే చోట, వీఎస్‌డబ్ల్యూఆర్ 1.5 వచ్చింది. పంపిన అల ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే అంకె అది, 1 అయితే ఏమీ రానట్టు. నిన్న అదే బెంచ్, చివర పవర్‌ను పీల్చుకునే లోడ్ కూడా అదే, 1.1 దాటలేదు. ఈ రోజు కొత్తగా పెట్టింది మధ్యలో తొంభై డిగ్రీల బెండ్, అంటే వంపు తిరిగిన గొట్టం ముక్క, ఒక్కటే. 1.5 అంటే పంపిన పవర్‌లో 4 శాతం వెనక్కి వస్తున్నట్టు. పిల్లలు రికార్డులో ‘బెండ్ వల్ల రిఫ్లెక్షన్’ అని రాసేసుకున్నారు. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. అంత నున్నగా, నిదానంగా వంచిన బెండ్ ఇంత చేయదు.

మా అటెండర్ అన్న వచ్చి గొట్టం ముక్కలను స్క్రూలతో కలిపే ఫ్లాంజ్ అంచును వేలితో తడిమారు. "మేడం, ఈ మూల సందుంది చూడండి" అన్నారు. ఒక స్క్రూ పూర్తిగా బిగించేసి, తర్వాత మిగతావి బిగించినట్టున్నారు. నాలుగూ విప్పి, ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా బిగిస్తే రీడింగ్ 1.15కి దిగింది. వెనక్కి వచ్చేది అర శాతమే. ఇన్నేళ్లుగా ఈ బెంచీలు పనిచేస్తున్నాయంటే ఆయన చేతుల వల్లే.

తర్వాత బీరువాలోంచి నా చిన్న బెండ్ తీశాను. 26.5 నుంచి 40 గిగాహెర్ట్జ్‌కి వాడేది. లోపలి కొలత 7.112 మిల్లీమీటర్లు, 3.556 మిల్లీమీటర్లు. మా దగ్గర దానికి తగిన సోర్స్ లేదు, చేతిలో పెట్టి చూపించడానికే ఉంచుకున్నాను. బెంచ్ మీది గొట్టం ఎత్తు 10.16 మిల్లీమీటర్లు. అర మిల్లీమీటరు తేడా పడితే అక్కడ ఇరవయ్యో వంతు, ఇక్కడ ఏడో వంతు. ఇంత పొట్టి మిల్లీమీటర్ తరంగాల మాట ఫైవ్ జీతో పాటు వినడం వల్ల పిల్లలకు ఇదంతా కొత్త సంగతిలా అనిపిస్తుంది. జగదీశ్ చంద్ర బోస్ గారు 1895లోనే కలకత్తాలో మిల్లీమీటర్ తరంగాలతో జనం ముందు ప్రయోగం చేసి చూపారని చెబితే ఆశ్చర్యపోయారు.

వెనక బెంచీ అమ్మాయి ఒకటి అడిగింది. "మేడం, మన కేసీ కాలువ ఎన్ని మలుపులు తిరుగుతుంది! నీళ్లు పోతానే ఉంటాయి కదా. సిగ్నల్ మాత్రం ఎందుకు వెనక్కి వస్తుంది?"

మంచి ప్రశ్న. బోర్డు మీద మొదలుపెట్టాను. తిన్నని గొట్టంలో విద్యుత్ క్షేత్రం ఒక పద్ధతిలో సర్దుకుని నడుస్తుంది. నిటారు మూల ఎదురైతే ఆ అమరిక చెదిరిపోతుంది. అక్కడ వేరే మోడ్‌లు, అంటే వేరే రకం అమరికలు, పుడతాయి కానీ, ఈ గొట్టం సైజుకి అవి ముందుకు పోలేవు. మూల దగ్గరే కొంత శక్తిని పట్టుకుని కూర్చుంటాయి. దాంతో వచ్చిన అలలో కొంత వెనక్కి మళ్లుతుంది. మందు రెండు రకాలు. ఒకటి, మలుపును తరంగదైర్ఘ్యం కంటే బాగా పెద్దగా, మెల్లగా తిప్పడం. చోటు లేకపోతే మూలను ఏటవాలుగా కోయడం. రెండు కోతలు పెట్టి వాటి మధ్య గొట్టంలోని తరంగదైర్ఘ్యంలో పావు వంతు దూరం ఉంచితే, రెండు చోట్ల నుంచి తిరిగొచ్చేవి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. చిన్న బెండ్‌కి 30 గిగాహెర్ట్జ్ దగ్గర ఆ పావు మూడున్నర మిల్లీమీటర్లు. నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికంటే ఇష్టమైన విషయం ఇదే. గొట్టాన్ని వంచే రెండు దిక్కులు, ఇ బెండ్, హెచ్ బెండ్ తేడా స్కేలుతో చూపించాను. పలచటి వైపుకు సులువుగా వంగేది ఇ బెండ్, పక్కకు మొండికేసేది హెచ్ బెండ్. బెల్లు కొట్టేశారు. కాలువ సంగతి అలాగే ఉండిపోయింది.

సాయంత్రం ఇంటికి వస్తూ కాలువ గట్టున బండి ఆపాను. నీళ్లు నిండుగా ఉన్నాయి. ఆ అమ్మాయి అన్నట్టే మలుపులో నీళ్లు ఆగలేదు. ఒక రాయి వేసి చూశాను. గుండ్రంగా లేచిన అలలు నిటారుగా ఉన్న రాతి గోడకు తగిలి తిరిగొచ్చాయి. అదే నీళ్లలో, అదే ప్రవాహంలో. కాస్త అవతల గట్టు పొడుగ్గా, నిదానంగా ఒంపు తిరిగిన చోట అలలు గట్టు పక్కనే సాగిపోయాయి.

నేను పోల్చాల్సింది నీళ్లతో కాదు, నీటి మీది అలతో. మలుపు ఆ అల పొడుగుతో పోలిస్తే ఎంత, అన్నదే లెక్క. ఇంత చిన్న మాట క్లాసులో తట్టనందుకు బాధగా ఉంది.

రేపు రెండో పీరియడ్ ఆ సెక్షన్‌కే ఉంది. ఒక ట్రేలో నీళ్లు పోసి తీసుకెళ్లాలి. రెండు అట్టముక్కలు కూడా, ఒకటి నిటారుగా మడిచింది, ఒకటి గుండ్రంగా వంచింది. అటెండర్ అన్నకు పొద్దున్నే ఫోన్ చేసి ట్రే సంగతి చెప్పాలి.