ఐదు కిలోల కుక్క, రోజుకి ఏడు గ్రాముల కొవ్వు

ప్యాంక్రియాటైటిస్ (ప్యాంక్రియాస్ అనే జీర్ణగ్రంథి వాపు) ఒకసారి వచ్చి తగ్గిన చిన్న కుక్కకి ఏం పెట్టాలని అడిగితే, కొవ్వు తక్కువున్న ఫుడ్ పెట్టమని అందరూ చెబుతారు. ఎంత తక్కువ, అది సంచి మీద ఎక్కడ చూడాలి, ఇంట్లో వండితే ఎలా కొలవాలి అన్న దగ్గరే తికమకంతా.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, ఇంట్లోనే తిరిగే ఐదు కిలోల పొమెరేనియన్‌కి రోజుకి సుమారు 350 కిలోకేలరీలు చాలు. ఈ జబ్బు చేసిన కుక్కకి డాక్టర్లు మామూలుగా 1000 కిలోకేలరీలకి 20 గ్రాములకి అటూఇటూగా కొవ్వున్న తిండి చూస్తారు. బాగా కుదురుకున్న కొన్ని కుక్కలు 30 దాకా తట్టుకుంటాయి. 20 లెక్క వేసుకుంటే మన పొమెరేనియన్ వాటా రోజుకి 7 గ్రాములు. ఒక్క కోడిగుడ్డు పచ్చసొనలోనే 5 గ్రాముల దాకా ఉంటుంది. టీస్పూను నెయ్యిలోనూ దాదాపు అంతే. అదే 30 కిలోల లాబ్రడార్‌కైతే ఈ లెక్కన 28 గ్రాములు వస్తుంది కాబట్టి చెంచా నెయ్యి దాని వాటాలో చిన్న భాగమే. బొచ్చు మెరవాలని అన్నంలో నెయ్యో కొబ్బరినూనో కలిపే అలవాటు చిన్న కుక్కల దగ్గర బెడిసికొట్టేది ఇందుకే. మీనునూనె మాత్రలూ ఈ లెక్కలోకే వస్తాయి. 1000 మిల్లీగ్రాముల మాత్ర అంటే ఒక గ్రాము కొవ్వు.

ఇక సంచి సంగతి. వెనక ఉండే 'క్రూడ్ ఫ్యాట్' (మొత్తం కొవ్వు) శాతాన్ని చూసి రెండు ఫుడ్‌లను పోల్చకూడదు. తడి ఫుడ్ పౌచ్ మీద 4% అని, పొడి ఫుడ్ సంచి మీద 14% అని ఉంటే పౌచే నయం అనిపిస్తుంది. పౌచ్‌లో ఎక్కువ భాగం నీళ్ళే. కిలోకి 850 కిలోకేలరీలిచ్చే ఆ పౌచ్‌లో 1000 కిలోకేలరీలకి 47 గ్రాముల కొవ్వు, కిలోకి 3800 ఇచ్చే పొడి ఫుడ్‌లో 37 గ్రాములు. రెండూ ఈ కుక్కకి పనికిరావు, పౌచ్ ఇంకా దారుణం.

కేలరీలు సంచి మీద రాయకపోతే మనమే అంచనా వేసుకోవచ్చు. ప్రోటీన్, కొవ్వు, పీచు, తేమ శాతాలు కలిపి, బూడిద (ఖనిజాలు) కింద మరో 8 వేసి, 100 లోంచి తీసేస్తే మిగిలింది పిండిపదార్థం. ప్రోటీన్‌నీ పిండిపదార్థాన్నీ 3.5తో, కొవ్వును 8.5తో గుణించి కూడితే 100 గ్రాములకి కిలోకేలరీలు వస్తాయి. ప్రోటీన్ 24, కొవ్వు 10, పీచు 4, తేమ 10 ఉన్న ఫుడ్‌కి పిండిపదార్థం 44, మొత్తం 323 కిలోకేలరీలు. అంటే 1000కి 31 గ్రాముల కొవ్వు. 10% పొడి ఫుడ్ కూడా గీత మీదే ఉందన్నమాట. పైగా సంచి మీద కొవ్వుకి రాసేది 'కనీసం' అంకె, లోపల అంతకన్నా ఎక్కువుండొచ్చు.

అందుకే జబ్బు తగ్గిన కొత్తలో డాక్టర్ రాసే డైటే మేలు. రాయల్ కానిన్ 'గ్యాస్ట్రోఇంటెస్టినల్ లో ఫ్యాట్ (Low Fat)', హిల్స్ 'ఐ/డి లో ఫ్యాట్' ఈ పనికోసమే ఉన్నాయి. పేరులో 'లో ఫ్యాట్' అన్న రెండు మాటలు కచ్చితంగా ఉండాలి. అవి లేని గ్యాస్ట్రోఇంటెస్టినల్ సంచిలో కొవ్వు చాలా ఎక్కువ, షాపులో ఆదమరిస్తే అదే చేతికొస్తుంది. ఫుడ్ గింజ చిన్నదని వయసొచ్చిన కుక్కకి కూడా పప్పీ ఫుడ్ పెడుతుంటారు, అందులో కొవ్వు 20% దాకా ఉండొచ్చు. పెట్ షాపుల్లో కిలోల చొప్పున తూచే లూజ్ ఫుడ్ జోలికి పోవద్దు. లేబులే లేనప్పుడు లెక్కేముంది?

ఇంట్లో వండేటట్టయితే తోలు తీసిన బోన్‌లెస్ బ్రెస్ట్ తీసుకోండి. ఉడికాక 100 గ్రాముల్లో మూడున్నర గ్రాముల కొవ్వుంటుంది. చికెన్ షాపుల్లో 'కుక్కలకి' అని చవగ్గా ఇచ్చే తోలు, మెడలు, కాళ్ళ కవరు మాత్రం ఈ కుక్కకి విషంతో సమానం. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా నీళ్ళలో ఉడికించి, ముక్కలు తీసి, ఆ నీళ్ళను రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున పైన తెల్లగా గడ్డకట్టిన పొరను చెంచాతో తీసి పారేసి, కింది నీళ్ళే అన్నంలో కలపండి. ఉడికిన చికెన్ 55 గ్రాములు, మెత్తటి అన్నం 110 గ్రాములు కలిపితే 235 కిలోకేలరీల దాకా వస్తాయి, కొవ్వు రెండున్నర గ్రాములు దాటదు. మామూలు 350 కన్నా తక్కువైనా, ఐదు కిలోల కుక్క కోలుకునే రోజుల్లో రోజు మొత్తానికి ఇది సరిపోతుంది. అలాగని నెలల తరబడి ఇదే పెడితే కాల్షియం, జింక్, విటమిన్లు తగ్గిపోతాయి. ఎక్కువకాలం వండిపెట్టాలంటే డాక్టర్ చేత కొలతలు, మినరల్ మిక్స్ రాయించుకోవాల్సిందే.

రోజు తిండిని మూడు నాలుగు పూటలుగా పంచండి. ఫుడ్ మార్చేటప్పుడు పావు వంతు కొత్తది కలపడంతో మొదలుపెట్టి వారంలో పూర్తిగా మార్చండి. తాయిలాలకి గుడ్డు తెల్లసొన, కీరా, ఉడికిన క్యారెట్, గింజ తీసిన యాపిల్ ముక్క చాలు. పనీర్ వద్దు, చిన్న ముక్కైనా వద్దు. మాత్రను చీజ్‌లో దాచి మింగించేవాళ్ళు అరటిపండు ముక్కకి మారండి. ఇంట్లో పెద్దవాళ్ళకీ, పనిమనిషికీ, ఆదివారం వచ్చే చుట్టాలకీ ముందే చెప్పాలి. కుక్క బల్లకింద చేరి చూస్తే జాలిపడేది వాళ్ళే, వేపుడు ముక్క పడేసేదీ వాళ్ళే.

మినియేచర్ ష్నాజర్ జాతికి రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు పుట్టుకతోనే ఎక్కువుండే స్వభావం ఉంది. దానికి 12 గంటలు ఏమీ పెట్టకుండా రక్తపరీక్ష చేయించి, వచ్చిన అంకెను బట్టి కొవ్వు ఇంకా తగ్గించాలో లేదో తేల్చుకోవాలి.

పదేపదే వాంతులు, తిండి ముట్టకపోవడం, ముందుకాళ్ళు నేలకి చాచి పిరుదులు పైకెత్తి నిలబడటం కనిపిస్తే ఇంట్లో పెరుగన్నం ప్రయోగాలు చేయకుండా అదేరోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. పొట్టకి విశ్రాంతి అంటూ రెండు మూడు రోజులు పస్తుంచే పాత పద్ధతి ఇప్పుడు పోయింది. వాంతులు అదుపులోకి రాగానే కొంచెం కొంచెంగా తినిపిస్తున్నారు. బుల్లి జాతుల్లో పస్తుకి రక్తంలో చక్కెర పడిపోయే ప్రమాదమూ ఉంది.